వెనక్కి చూడని వదిన

మా వదినకి తప్పులు పట్టడం వృత్తి. ఇది ఆడపడుచు హోదాలో అంటున్న మాట కాదు. ఆవిడ ఇరవై తొమ్మిదేళ్లు ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫ్ రీడరుగా చేసింది. విజిటింగ్ కార్డు దగ్గర్నుంచి వెయ్యి పేజీల లా పుస్తకం దాకా, అక్కడ ఏది అచ్చు కావాలన్నా ముందు ఆవిడ ఎర్ర పెన్ను కింద తల వంచాల్సిందే. రిటైరైన రోజున చేతికిచ్చిన సన్మాన పత్రంలో రెండు తప్పులు దొరికితే అక్కడికక్కడే దిద్ది వెనక్కిచ్చేసింది. మళ్లీ ప్రింటు తీయించి తెచ్చేదాకా సభ ఆగింది.

ఆ తర్వాత ఎర్ర పెన్ను ఇంటి మీద పడింది. కిరాణా చీటీ, మందుల డబ్బాలో మడతపెట్టి ఉండే కాగితం, కరెంటు బిల్లు వెనక సూచనలు, దేన్నీ వదల్లేదు. ఆరు నెలలు తిరిగేసరికి మా అన్నయ్యకి తల ప్రాణం తోకకొచ్చింది. ఒకరోజు మా ఇంటికొచ్చి నా కుట్టుమిషను పక్కన కూలబడ్డాడు.

"మీ వదినని ఎక్కడికైనా తీసుకుపోవే. ఎక్కడికైనా సరే. నీకు పుణ్యముంటుంది."

నాకు తెలిసిన 'ఎక్కడికైనా' ఒక్కటే, గుర్రాల షెడ్డు.

నేను టైలర్ని. గుర్రం వీపు మీద వేసే మందపాటి మెత్త కుట్టిపెట్టమని ఆ షెడ్డు వాళ్లు ఒకసారి నన్ను పిలిచారు. కొలతలు తీసుకోవడానికి వెళ్లినదాన్ని అక్కడే చిక్కుకుపోయాను. ఊరి చివర గోడౌన్ల వెనక రేకుల షెడ్డు, నాలుగు గుర్రాలు, చుట్టూ చెక్క కంచె ఉన్న ఇసుక నేల. పక్షవాతం వచ్చినవాళ్లు, నడుము దెబ్బతిన్నవాళ్లు, పుట్టుకతోనే కాళ్లు బిగుసుకుపోయిన పిల్లలు అక్కడికి వస్తారు. గుర్రం నడుస్తుంటే దాని మీద కూర్చున్న మనిషి నడుము, ఆ మనిషే నడుస్తున్నట్టు కదులుతుంది. నడక మరిచిపోయిన ఒంటికి అలా నడక గుర్తుచేస్తారు. అదంతా చూసుకునేది ముప్ఫై దాటని ఒక ఫిజియోథెరపిస్టు. అందరం ఫిజియో అమ్మాయి అంటాం. మిగతా పనంతా మాలాంటి జీతం లేని మంద చేస్తుంది. పేడ ఎత్తడంతో సహా.

ఒక మనిషి గుర్రం ఎక్కితే ముగ్గురు కింద ఉండాలి. ఇద్దరు చెరో పక్కన నడుస్తూ ఎక్కిన మనిషి తొడ మీద ముంజేయి అడ్డంగా వేసి పట్టుకోవాలి. మూడో మనిషి గుర్రాన్ని నడిపించాలి. వదిన పొట్టిది, ఆవిడ చెయ్యి అంత ఎత్తుకి అందదు. అందుకని తాడు ఆవిడ చేతికొచ్చింది.

ఫిజియో అమ్మాయి మొదటిరోజే రెండు నియమాలు చెప్పింది. ఒకటి, గుర్రాన్ని నడిపేవాళ్లు ఎప్పుడూ ముందుకే చూడాలి. వెనక్కి తిరిగితే భుజం తిరుగుతుంది, భుజం ఎటు తిరిగితే గుర్రం అటు తిరుగుతుంది, పైనున్న మనిషి జారిపోతాడు. ఎక్కినవాళ్ల సంగతి పక్కనున్నవాళ్లు చూసుకుంటారు. రెండు, గుర్రం మీద జరిగిన సంగతులు దిగాక మాట్లాడుకోకూడదు. కొందరు ఏడుస్తారు, కొందరు బట్టలు తడుపుకుంటారు. అవన్నీ ఆ ఇసుకలోనే ఉండిపోవాలి.

నియమం అంటే వదినకి ప్రాణం. వెనక ఎవరు కేకేసినా మెడ తిప్పేది కాదు. నేనొకసారి టీ కొట్టు దగ్గర ఎవరి గురించో నోరు జారబోతే రోడ్డు మీదే నాకు పాఠం చెప్పింది. తాను నడిపే గుర్రానికి గుమాస్తా అని పేరు పెట్టింది కూడా ఆవిడే. పందేల నుంచి రిటైరైన ముసలి గుర్రం అది. జీతం పెరగదని తెలిసిన ఉద్యోగిలా ఒకే వేగంతో నడుస్తుంది. వదినకీ దానికీ మొదటి వారంలోనే కుదిరిపోయింది. మా అన్నయ్య ప్రాణం ఒడ్డున పడింది.

ఫైరింజనాయన వచ్చింది ఆ తర్వాత కొన్నాళ్లకి. ఫైర్ సర్వీసులో ముప్ఫై ఏళ్లు చేసిన మనిషి. రిటైర్‌మెంటు రెండేళ్లుందనగా పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. మొదట్లో భార్య భుజం మీద బరువంతా వేసి, గేటు నుంచి గుర్రం ఎక్కే మెట్ల దాకా రావడానికి పావుగంట పట్టేది. ఏడాదిన్నర తిరిగేసరికి చేతికర్ర ఒక్కదానితో ఆయనే వచ్చేస్తున్నారు. షెడ్డులో మా రోజు గురువారం, ఆయన ఒక్కటి కూడా మానలేదు. గుర్రం మీద మాత్రం ఉలుకూ పలుకూ ఉండేది కాదు.

ఆయన ఎడమ తొడ మీద చెయ్యి వేసేది నేనే. కాబట్టి నాకు తెలుసు. గుర్రం గేటు దగ్గర మలుపు తిరిగే ముందు ఆ కాలు చెక్కలా బిగుసుకుపోయేది. తర్వాత వణుకు మొదలయ్యేది. గుర్రం వీపు మీది బెల్టుకున్న పిడిని కుడిచేత్తో ఎంత గట్టిగా పట్టుకునేవారంటే వేళ్ల కణుపులు తెల్లబడేవి. సరిగ్గా అప్పుడే గుమాస్తా అడుగు నెమ్మదించేది. ముందున్న వదిన నాలుకతో టక్కుమనిపించి "పద, పద, ఆఫీసు టైమైంది" అనేది. ఆ చప్పుడుకి నా చేతికింద కాలు ఇంకా బిగుసుకునేది. ఫిజియో అమ్మాయి ఒకసారి భయంగా ఉందా అని అడిగింది. లేదమ్మా అన్నారు. ఆయన కాదన్నాక కాలు ఔనంటోందని పక్కనున్న మేమెలా అంటాం? పైగా నడక చూస్తే బాగుపడుతోంది. ఊరుకున్నాం.

ఈలోగా వదినకి పుస్తకం రాసే పిచ్చి పట్టింది. జన్మంతా ఒకళ్లు రాసింది దిద్దిన చెయ్యి కదా, తానే రాయాలని ఎన్నాళ్లుగా ఉందో ఏమో. ఏడాదిపాటు పొడుగు నోటుబుక్కుల్లో రాసింది. పేరు 'గుమాస్తాతో గురువారాలు'. ఎవరి పేర్లూ లేకుండా, ప్రతి మనిషినీ అడిగి మరీ రాసింది. ఫైరింజనాయన కూడా "రాసుకోండమ్మా" అన్నారు. ఏం రాశారని అడగలేదు.

ముగ్గురు ప్రచురణకర్తలకి పంపింది. ఒకరి నుంచి జవాబే లేదు. గుర్రాల గురించి ఎవరు చదువుతారని రెండో ఆయన అన్నాడు. మూడో ఆయన మాత్రం మర్యాదగానే రాశాడు, "అంతా రిపోర్టులా ఉందండీ, కాస్త మనసుని తాకే మాటలు కావాలి" అని. వదిన ముక్కు మీద కోపం మనిషి. నా పుస్తకం నేనే వేసుకుంటానంది. తన పాత ప్రెస్సులోనే, తానే నాలుగు ప్రూఫులు దిద్దుకుని మూడొందల కాపీలు వేయించింది. ఒక్క అచ్చుతప్పు లేదు. కట్టలన్నీ అన్నయ్య మంచం కిందికి చేరితే ఆయనకి చెప్పులు పెట్టుకునే చోటు లేకుండా పోయింది.

అయితే ఆ మూడో ఆయన మాట ఆవిడకి గుచ్చుకునే ఉంది. అచ్చుకి పంపే ముందు అక్కడక్కడా మనసుని తాకే మాటలు చేర్చింది. నలభై ఏడో పేజీలో చేర్చినవి ఇవి: 'మంటల్లోకి నడిచి వెళ్లిన మనిషి ఆయన. గుర్రం మీద కూర్చున్నప్పుడు కూడా ఆ ముఖంలో భయం జాడ కనిపించదు.'

ఆ కాగితాలు ముందు నాకే ఇచ్చి చదివి చెప్పమంది. చదివాను. ఆ వాక్యం దగ్గర ఆగాను కూడా. పుస్తకాల్లో ఇలాగే రాస్తారు కాబోలు అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ వాక్యం నాకు నచ్చింది, అది నిజమైతే బాగుండుననిపించింది. బాగుంది వదినా అని తిరిగిచ్చేశాను.

ఫైరింజనాయన భార్య పది కాపీలు తీసుకుని ఆయన పాత ఆఫీసులో పంచిపెట్టింది. రిటైరైనవాళ్లని పిలిచి గౌరవించే సభ ఒకటుంది వాళ్లకి. ఆ సభలో పెద్దాఫీసరు నలభై ఏడో పేజీ తీసి మైకులో చదివాడు. యూనిఫాముల్లో ఉన్నవాళ్లంతా లేచి చప్పట్లు కొట్టారు. మొదటి వరసలో, మోకాళ్ల మధ్య చేతికర్ర పెట్టుకుని ఆయన కూర్చున్నారు. వదినా నేనూ వెనక వరసలో ఉన్నాం. వదిన కళ్లు తుడుచుకుంది. ఆవిడ జీవితంలో అంత సంతోషంగా ఉండగా నేను చూడలేదు.

ఆ వచ్చే గురువారం ఆయన రాలేదు. పై గురువారమూ రాలేదు. మూడో గురువారం కూడా రాకపోయేసరికి వదినా నేనూ ఇంటికి వెళ్లాం.

కింది వాటా, సన్నటి నడవా. గోడ మీద భుజం ఎత్తున అరచేతి మరకలు వరసగా ఉన్నాయి. కొన్ని పాతవి, వెలిసిపోయినవి. వాటి మీద కొత్తవి. ఆయన మళ్లీ గోడ పట్టుకుని నడుస్తున్నారు.

"ఏమైందో తెలియట్లేదు అక్కయ్యగారూ" అంది భార్య. "నడుము మళ్లీ పట్టేసింది. ఎంత చెప్పినా రానంటారు. మీరైనా చెప్పండి, మీ మాటంటే గౌరవం."

ఆయన మందులు అయిపోయాయని ఆవిడని దుకాణానికి పంపారు. గుమ్మం దాటిందని నమ్మకం కుదిరాక నోరు విప్పారు. జబ్బు చేశాక మాట ఒక్కొక్కటే వస్తుంది ఆయనకి.

"అమ్మా, మీరు రాసినాయన చాలా గొప్పవాడు. ఆయన్నే రమ్మనండి. నేను రాను."

"అదేంటి అన్నయ్యగారూ?" అంది వదిన.

"నాకు గుర్రమంటే భయం. మొదటిరోజు నుంచీ. బుధవారం నుంచే అన్నం సయించదు."

"మరి మంటల్లోకి ఎలా వెళ్లేవారండీ?" అన్నాను నేను. అడగకూడని ప్రశ్నలు నాకే తడతాయి.

"అప్పుడు నా కాళ్లు నా మాట వినేవమ్మా." కుడిచెయ్యి ఎడమకాలి మీద వేసుకున్నారు. "భయపడుతూనే వచ్చేవాణ్ణి. ఎవరికీ తెలీదు కదా అని. ఇప్పుడు మైకులో చదివేశారు. మా ఆవిడ వీధంతా చెప్పుకుంది. ఇంక భయపడుతూ ఎలా ఎక్కను?"

"ఆ మాటలు కొట్టేస్తాను. అన్ని కాపీల్లోనూ కొట్టేస్తాను" అంది వదిన.

"ఎందుకు కొట్టేశారని అడుగుతారు. అప్పుడేం చెప్తారు?"

ఆయన భార్య మందులు తెచ్చి, మాకు టీ పెట్టింది. టీ తాగి లేచాం.

బస్టాపు దాకా వచ్చాక వదిన అడిగింది.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"చదివినప్పుడు చెప్పొచ్చుగా."

"గుర్రం మీది సంగతులు మాట్లాడకూడదని నాకు పాఠం చెప్పింది నువ్వే కదా" అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది. నోరు మూసుకుని ఉంటే పోయేది, ఇంకో మాట కూడా అన్నాను. "గుర్రానికి కూడా తెలుసు వదినా. ఆయన బిగుసుకున్నప్పుడల్లా అది నెమ్మదించేది. బద్ధకం కాదు అది."

వదిన నా వంక చూసింది. పుస్తకంలో అరపేజీ గుమాస్తా బద్ధకం మీద రాసింది. ఫైరింజనాయన ఎక్కినప్పుడు దాని చెవి ఒకటి వెనక్కి తిరిగి ఉంటుందనీ, నా కబుర్లు వింటుందనీ హాస్యం కూడా చేసింది. ఆ చెవి ఎవరి కోసం తిరిగిందో ఇప్పుడు అర్థమైంది. అది ఆగుదామన్న ప్రతిసారీ తాను టక్కుమనిపించి తోలింది.

"రెండేళ్లు" అంది. బస్సొస్తే ఒక్కతే ఎక్కి వెళ్లిపోయింది.

నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. మా వదినామరదళ్ల చరిత్రలో అది రికార్డు. అన్నయ్య మధ్యలో వచ్చి "ఏమన్నావే దాన్ని? ఎర్ర పెన్ను కూడా ముట్టుకోవట్లేదు, నాకు భయంగా ఉంది" అన్నాడు. తప్పు ఆవిడ రాసింది, నేను చదివి వదిలేశాను. ఎవరిది ఎక్కువో తూచడం నా వల్ల కాలేదు.

గురువారం వదిన షెడ్డుకి వచ్చి, అందరి పనీ అయ్యాక ఫిజియో అమ్మాయిని అడిగింది. "నన్ను ఒకసారి ఎక్కించమ్మా. తాడు మా మరదలు పట్టుకుంటుంది."

రెండేళ్లుగా గుర్రాన్ని నడిపిన మనిషి ఒక్కసారైనా దాని మీదికి ఎక్కలేదని అప్పుడే గుర్తొచ్చింది మాకు. హెల్మెట్ పెట్టి, మెట్ల మీద నుంచి ఎక్కించారు. అరవై మూడేళ్ల మనిషి, పైన కూర్చోగానే చిన్నపిల్లలా కనిపించింది. నేను తాడు మడిచి పట్టుకుని, ముందుకి చూస్తూ నడిచాను. వెనక నుంచి చప్పుడు లేదు. గేటు మలుపు దగ్గర గుమాస్తా నెమ్మదించింది. నేను తోలలేదు. ఒక చుట్టు తిరిగి మెట్ల దగ్గరికొచ్చాక చూస్తే వదిన ముఖంలో రక్తం లేదు. మెల్లగా దించాం.

"అంత భయమేస్తే ఆపమనొచ్చుగా వదినా."

"అందామనుకున్నాను."

"మరి?"

"నువ్వేమనుకుంటావోనని" అంది. అని నా చెయ్యి పట్టుకుంది. ఇసుకలో అలాగే నిలబడ్డాం ఇద్దరం. నాలుగు రోజుల కోపం అక్కడితో పోయింది.

మర్నాడు వదిన ప్రెస్సుకి వెళ్లింది. తప్పొప్పుల పట్టిక వేయించుకోవడమంటే ప్రూఫ్ రీడరుకి తల కొట్టేసినంత పని. ఇరవై తొమ్మిదేళ్లలో తాను దిద్దిన పుస్తకాల్లో ఒక్కదానికీ అది వేయాల్సిన అవసరం రాలేదని గొప్పగా చెప్పుకునేది. ఆ ప్రెస్సులోనే, తనతో పనిచేసినవాళ్ల ముందే, నాలుగు వాక్యాల చీటీ కంపోజు చేయించింది: '47వ పేజీ. గుర్రాన్ని నడిపేవాళ్లు వెనక్కి చూడరు. నేనూ చూడలేదు. చూడనిదాన్ని చూసినట్టు రాశాను. ఈ తప్పు నాది.' ఈ నాలుగు వాక్యాలకి కూడా నాలుగు ప్రూఫులు తీయించిందట.

మంచం కిందున్న కాపీలన్నిటిలో ఆ చీటీ అంటించాం. అమ్ముడైనవాటి కోసం ఇళ్లకి తిరిగాం. ఫైర్ స్టేషన్‌కి కూడా వెళ్లాం. మైకులో చదివిన పెద్దాఫీసరు చీటీ చూసి "ఇంత చిన్నదానికి ఇదంతా ఎందుకండీ, అందరూ ఇలాగే రాస్తారు కదా" అన్నాడు. "నేను రాయకూడదండి" అంది వదిన. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు.

ఆఖర్న ఫైరింజనాయన దగ్గరికి వెళ్లాం. ఆయన చీటీని పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివారు.

"ఇందులో నా ఊసే లేదు" అన్నారు.

"తప్పు నాదైతే మీ ఊసెందుకండీ?" వదిన కుర్చీ ముందుకి జరుపుకుంది. "అన్నయ్యగారూ, ఒక్క మాట. నేను వెనక్కి చూడను. చూడకూడదు. నా వెనక మీరెలా ఉన్నారో మీరు చెప్తేనే నాకు తెలుస్తుంది. ఆపమంటే ఆపుతాను. ఎందుకని అడగను. ఎన్నిసార్లయినా సరే."

ఆయన వస్తాననలేదు, రాననలేదు. చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఇంటికొచ్చాక వదిన, "రారేమోనే" అంది. నాకూ అలాగే అనిపించింది.

గురువారం పది గంటలకి గేటు దగ్గర ఆటో ఆగింది. ఆయన మళ్లీ భార్య భుజం మీద బరువు వేసి దిగారు. గేటు నుంచి మెట్ల దాకా పది నిమిషాలు పట్టింది. రాకుండా పోయిన వారాల ఖరీదు అది. భార్య ఎప్పట్లాగే కంచె పక్కన బెంచీ మీద కూర్చుంది. మేం ఆయన్ని ఎక్కించాం. వదిన తాడు అందుకుని ముందుకి తిరిగింది.

గేటు మలుపు ఇంకా పది అడుగులుందనగా నా చేతికింద కాలు బిగిసింది. గుమాస్తా నెమ్మదించింది. ఆయన గొంతులో ఏదో అన్నారు. నాకు వినపడింది, వదినకి వినపడలేదు. నేను చెప్పేయొచ్చు. నాలుక కరుచుకుని ఊరుకున్నాను.

"ఆపండి" అన్నారు మళ్లీ, ఈసారి గట్టిగానే. బెంచీ మీద భార్య లేచి నిలబడింది.

వదిన ఆగింది. గుమాస్తా ఆవిడకంటే అరక్షణం ముందే ఆగింది. ఎవరూ ఏమీ అడగలేదు. వదిన మెడ తిప్పలేదు, భుజం తిప్పలేదు. నా చేతికింద కాలు కొంచెం కొంచెంగా వదులైంది.

"పదండి" అన్నారాయన.

ఆ రోజు పదకొండుసార్లు ఆపమన్నారు. పదకొండుసార్లూ ఆగాం. అరగంటలో రెండు చుట్లు కూడా పూర్తి కాలేదు. మెట్ల మీద దించుతూ ఎలా ఉందని ఫిజియో అమ్మాయి ఎప్పటిలాగే అడిగింది. భార్య పక్కనే ఉంది, చేతికర్ర అందిస్తోంది.

"భయంగా ఉందమ్మా" అన్నారాయన. "వచ్చే గురువారం కూడా పదింటికేనా?"